థైలీ మరచిన జమానా

సౌదాకి ఖాళీ చేతులతో వెళ్లి కవర్లతో తిరిగొచ్చే ఆదత్ మనకు పాతదేం కాదు. ఇప్పుడు మనం వాడే, చేతి పట్టీలున్న ప్లాస్టిక్ సంచీకి స్వీడన్ కంపెనీ సెల్లోప్లాస్ట్ 1965లో అమెరికా పేటెంటు పొందింది. దాన్ని రూపొందించిన ఇంజనీరు స్టెన్ గుస్తాఫ్ థూలిన్. మా అమ్మీ తరం గుడ్డ థైలీతోనే బజారు చేసింది.

ఈ సంచీపై మొదట జంగ్ ప్రకటించిన ముల్క్ బంగ్లాదేశ్. 1988, 1998 సైలాబుల్లో ఢాకా మునిగినప్పుడు మోరీలకు అడ్డంపడి నీటిని ఆపింది పాలిథినే అన్నారు. 2002లో పల్చటి సంచులపై పాబందీ పెట్టారు. దేశమంతటా అలా పెట్టడం దునియాలో అదే మొదలు. కానీ కార్ఖానాలు నడుస్తూనే ఉన్నాయి, దుకాణాల్లో కవర్ ముఫ్త్‌గా దొరుకుతూనే ఉంది. జనపనారకు పేరుపడ్డ ఆ నేల మీదే 2024 అక్టోబరు 1 నుంచి సూపర్‌షాపుల్లో మళ్లీ పాబందీ పెట్టాల్సివచ్చింది.

అదే 2002లో ఐర్లండ్ సంచీని నిషేధించలేదు, ఒక్కోదానికి 15 సెంట్లు వసూలు చేసింది. వాడకం సుమారు 90 శాతం పడిపోయింది. కౌంటర్ దగ్గర కీమత్ కనిపించగానే కొనేవాడు ‘జరూరత్ ఉందా?’ అని ఆలోచించాడు. నా ఖయాల్‌లో అసలు తేడా అక్కడే ఉంది. మన దేశంలోనూ 2011 నిబంధనలు ముఫ్త్ సంచీ వద్దన్నాయి. అయినా కూరగాయల బండి దగ్గర అడక్కుండానే ఇస్తారు, మనం వద్దనం.

నది ఒడ్డున వుజూ చేసినా నీటిలో ఇస్రాఫ్ వద్దని పిల్లలకు చెప్పుకునే కౌమ్ మనది. రంజాన్‌లో హలీంకి ఒక డబ్బా, డబ్బాకి ఒక కవర్. ఇఫ్తార్ తర్వాత మన గల్లీ మోరీలో తేలేది ఎవరి ఇస్రాఫ్? హుకూమత్ ఇంకో కానూన్ తెచ్చేదాకా ఆగక్కర్లేదు, ఇంట్లోంచి గిన్నె పట్టుకెళ్తే చాలు.