ఖిదిర్‌పూర్ చెప్పే పాఠం: జంతువు విలువను కొలిచేది దేనితో?

ఏ జంతువును కాపాడాలి, దేన్ని తినవచ్చు? ఎథిక్స్ పేపర్‌లో అమూర్తంగా కనిపించే ఈ ప్రశ్నకు కోల్‌కతాలోని ఖిదిర్‌పూర్ పరిసరాల్లో స్పష్టమైన చరిత్ర ఉంది.

1856లో రాజ్యం కోల్పోయిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా ఖిదిర్‌పూర్‌కు సమీపంలోని మటియాబుర్జ్‌లో స్థిరపడి, పెద్ద జంతుశాలను పెంచాడు. 1876లో ఇటు పక్కనే అలీపూర్ జూ తెరుచుకుంది. అదే ప్రాంతపు బజార్లలో మేక, కోడి మాంసం రోజువారీ సరుకు. అంటే కొన్ని జీవులు చూడదగినవి, కొన్ని తినదగినవి. ఓడరేవు సరుకు మోసిన ఎద్దులు మూడో కోవ.

వలస పాలకుల కరుణ ముందుగా ఈ మూడో కోవ మీదే పడింది. 1861లో కోల్‌స్వర్దీ గ్రాంట్ చొరవతో కలకత్తాలో జంతుహింస నివారణ సంఘం ఏర్పడింది. బండి ఎద్దును వీధిలో కొట్టడం నేరమైంది, ఆహారం కోసం చంపడం కాలేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోనూ ఈ గీత అలాగే ఉంది: అనవసరమైన బాధ లేకుండా ఆహారానికి చంపడం సెక్షన్ 11 కింద నేరం కాదు, మతాచారం ప్రకారం చంపడానికి సెక్షన్ 28 మినహాయింపు ఇస్తుంది.

పశ్చిమ బెంగాల్ 1950 చట్టం మరో కొలమానం తెచ్చింది. 14 ఏళ్లు దాటి, పనికీ సంతానోత్పత్తికీ పనికిరాదని ధ్రువీకరిస్తే, లేదా శాశ్వతంగా అశక్తమైతేనే పశువును వధించవచ్చు. బక్రీద్‌కు ఆరోగ్యవంతమైన ఆవుల వధకు ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపును అశుతోష్ లాహిరి కేసులో (1994) సుప్రీంకోర్టు చెల్లదంది. అంతకుముందు ఖురేషీ కేసులో (1958) ఆవుల వధపై పూర్తి నిషేధాన్ని సమర్థిస్తూనే, ఉపయోగం తీరిన ఎద్దులు, గేదెల విషయంలో అది అసమంజసమంది. 2005లో మీర్జాపూర్ తీర్పు ఎద్దుల విషయంలో ఆ వైఖరిని మార్చింది.

గమనించాల్సింది ఇదే: ఈ చట్టం కొలిచింది వయసును, ఉపయోగాన్ని, బాధను కాదు. మేక ఆ షెడ్యూల్లోనే లేదు. కానీ కత్తి కింద మేక పడే బాధ ఆవు బాధ కంటే తక్కువని చెప్పే ఆధారం ఏదీ లేదు. అధికరణం 48 వ్యవసాయ, పశుపోషణల కోణంలో మాట్లాడుతుంది. 1976లో చేరిన 51ఏ(జి) మాత్రం అన్ని జీవుల పట్ల దయ చూపమంటుంది.

ముగింపు: కసాయి జీవనోపాధి, మైనారిటీల విశ్వాసం, జంతువు బాధ... ఈ మూడింటిలో ఏదో ఒకదాన్నే చూసిన జవాబు అసంపూర్ణం. నిషేధం ఏ జంతువుకనే వాదన ఒక్కటే సరిపోదు. ప్రతి జంతువుకూ రవాణాలో, వధశాలలో బాధ తగ్గించడం అందరూ ఒప్పుకోగల కనీస ధర్మం.