నేవీ తాతగారు, విక్రాంత్, ఒక దొంగ టెలిగ్రామ్

మా గుడి నేవీ తాతగారు ఈ చలికాలంలో కాలం చేశారు. "కాలం చేశారు" అంటే చనిపోయారు అని. పెద్దవాళ్ళ గురించి మర్యాదగా ఇలా అంటారు. పిల్లలందరికీ ఆయన నేవీ తాతగారు, నాకు అన్నయ్యగారు. పేరు రాయవద్దని వదినగారు అన్నారు, అందుకని రాయడం లేదు.

సంతాపసభలో అందరూ మంచి మాటలే చెప్పారు. కానీ తరువాత భోజనాల దగ్గర ఒక అబ్బాయి, "తాతగారు పాకిస్తాన్ సబ్‌మెరైన్‌ని ముంచారట కదా?" అని నన్ను అడిగాడు. ఇంకొకడు సినిమాలో చూశానన్నాడు. లేదు నాయనా, ఆయన ఏ సబ్‌మెరైన్‌నీ ముంచలేదు. ఆ రాత్రి ఆయన ఆ చుట్టుపక్కల కూడా లేరు. అసలు కథ అంతా అదే.

అన్నయ్యగారు ఐ.ఎన్.ఎస్. విక్రాంత్‌లో స్టోకర్. అంటే బాయిలర్ రూమ్‌లో పనిచేసే మనిషి. విక్రాంత్ మన దేశానికి మొదటి విమానవాహక నౌక. వాహకం అంటే మోసేది, విమానవాహక నౌక అంటే విమానాలను మోసే ఓడ. బ్రిటన్‌వాళ్ళు రెండో ప్రపంచయుద్ధంలో హెర్క్యులీస్ అనే పేరుతో దాన్ని కట్టడం మొదలుపెట్టి సగంలో వదిలేశారు. 1957లో ఇండియా కొన్నది. 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్‌లో మన జెండా ఎక్కింది. అప్పుడు మన నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ రామదాస్ కటారి. ఆ పదవిలోకి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో చదివారు. హైదరాబాద్ వాళ్ళకి కూడా ఈ సంగతి పెద్దగా తెలియదు, నాకు అది బాధ.

ఆ ఓడ అంతా ఆవిరి మీద నడిచేది. ప్రొపెల్లర్లు తిరగాలన్నా, విమానాన్ని పైకి విసిరే కెటపుల్ట్ పనిచేయాలన్నా ఆవిరి కావాలి. ఆవిరి బాయిలర్లలో పుడుతుంది. 1970లో ఆ బాయిలర్ల నీటి డ్రమ్ములలో పగుళ్ళు కనిపించాయి. వెల్డింగ్‌తో బాగుపడేవి కావు. కొత్త డ్రమ్ములు బ్రిటన్ నుంచి రావాలి. నెలల తరబడి ఓడ బొంబాయిలో కదలకుండా ఉండిపోయింది. 1971లో యుద్ధం వస్తుందని తెలిశాక, ఆ పగుళ్ళతోనే, ఆవిరి ఒత్తిడి తగ్గించి నడపాలని నిర్ణయించారు. 24 నాట్లు పోగలిగిన ఓడ 14 నాట్ల దగ్గర ఆగింది. ఓడ మెల్లగా పోతే డెక్ మీద ఎదురుగాలి తక్కువ, ఎదురుగాలి తక్కువైతే విమానం లేవడం కష్టం.

పగిలిన బాయిలర్ పక్కన నిలబడి పనిచేసినవాళ్ళలో ఈయన ఒకరు. అప్పుడు వయసు 23. "భయం వేసిందా?" అని ఒకసారి అడిగాను. "చెమటకి భయం గుర్తుండేది కాదండీ" అన్నారు. మా గుడి వంటింట్లో గాడిపొయ్యి మంట నీలంగా ఉందా పసుపుగా ఉందా అని ఆయన వంగి చూసినప్పుడల్లా నాకు ఆ మాట గుర్తొచ్చేది. పులిహోర చేసేది ఆడవాళ్ళే అయినా పొయ్యి మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

ఇప్పుడు ఘాజీ. పాకిస్తాన్ దగ్గర ఉన్న సబ్‌మెరైన్లలో కరాచీ నుంచి శ్రీలంక చుట్టూ తిరిగి బంగాళాఖాతం దాకా రాగలిగింది ఇదొక్కటే. 1971 నవంబరు 14న బయలుదేరింది. దాని పని విక్రాంత్‌ను వెతికి ముంచడం. కానీ ఒక రోజు ముందే, నవంబరు 13న, విక్రాంత్ విశాఖపట్నం వదిలి అండమాన్ వైపు వెళ్ళిపోయింది. ఈ సంగతి బయటికి పొక్కకూడదు. తూర్పు నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ అప్పుడు ఒక నాటకం ఆడించారు. ఐ.ఎన్.ఎస్. రాజపుత్ అనే పాత డిస్ట్రాయర్‌ను విక్రాంత్ అన్నట్టు నటించమన్నారు. అది వైర్‌లెస్‌లో పెద్ద ఓడలాగా బోలెడు కబుర్లు పంపింది. విశాఖ బజారులో విక్రాంత్ కోసం అన్నట్టు కూరగాయలు, మాంసం పెద్ద ఎత్తున ఆర్డర్ చేశారు. గూఢచారులు వింటారు కదా! ఇవన్నీ కృష్ణన్ తరువాత పుస్తకంలో రాశారు. అందులో ఇంకొకటి కూడా ఉంది. విక్రాంత్‌లో ఉన్న ఒక నావికుడు, జబ్బుగా ఉన్న తన తల్లి ఎలా ఉందని అడుగుతున్నట్టు ఒక మామూలు టెలిగ్రామ్ కూడా కావాలని రహస్యం లేకుండా పంపించారు. ఆ నావికుడూ లేడు, ఆ తల్లీ లేదు.

పుస్తకాలలో కథ ఇక్కడితో ఆగుతుంది. మిగతాది నాకు వదినగారు చెప్పారు.

ఆవిడ పుట్టిల్లు విశాఖ వన్‌టౌన్‌లో. పెళ్ళై ఏడాది. ఏడో నెల. విక్రాంత్ విశాఖలో ఉన్నప్పుడు ఆయన రెండుసార్లు ఇంటికి వచ్చారు. తరువాత కబురు లేదు. అప్పుడే బజారు నుంచి వచ్చిన వాళ్ళ నాన్నగారు, "విక్రాంత్ ఇక్కడే ఉందట, బండ్లకొద్దీ కూరలు తీసుకెళ్తున్నారు" అన్నారు. శత్రువు కోసం వేసిన వల ముందు ఈవిడ మీద పడింది! ఓడ ఊళ్ళోనే ఉంటే మనిషి ఇంటికెందుకు రాడు? మూడు వారాలు ఆవిడ అదే ఆలోచించారు. అలిగారు కూడా. కోపం వచ్చి మాట్లాడకుండా ఉండటాన్ని అలగడం అంటారు, కానీ ఆయన ఎదురుగా లేకుండా అలగడం ఎంత కష్టమో చూడండి.

డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన విమానాశ్రయాల మీద దాడి చేశాయి. ఊరంతా దీపాలు ఆర్పేశారు. ఆ రాత్రి ఇందిరాగాంధీ రేడియోలో మాట్లాడతారని ఇంట్లో అందరూ మేలుకుని ఉన్నారు. అర్ధరాత్రి దాటిన కాసేపటికి సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు వచ్చింది. కిటికీ అద్దాలు అదిరాయి. "విక్రాంత్ పోయింది" అనుకున్నారు వదినగారు. పైకి అనలేదు. పొద్దున జాలరులకు నీళ్ళ మీద నూనె, విరిగిన సామాను, ఒక లైఫ్ జాకెట్ దొరికాయని తెలిసింది. అవి ఏ ఓడవో ఎవరూ చెప్పలేదు. ఘాజీ మునిగిందని ప్రభుత్వం చెప్పింది డిసెంబరు 9న. నాలుగో తేదీనే విక్రాంత్ విమానాలు కాక్స్‌బజార్ మీద బాంబులు వేశాయి, అంటే ఆయన వందల మైళ్ళ దూరంలో క్షేమంగా చెమటలు కక్కుతున్నారు. ఆవిడకు ఆయన చేతిరాత కనిపించింది యుద్ధం ముగిశాకనే.

ఘాజీని ఎవరు ముంచారు అనేదానిలో ఇంకా వాదన ఉంది. లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నడిపిన రాజపుత్ నీటిలోకి వేసిన డెప్త్ చార్జీలవల్లనే అని మన నౌకాదళం అంటుంది. లోపల జరిగిన ప్రమాదం, లేదా అది పెట్టిన మైన్లే పేలాయి అని పాకిస్తాన్ అంటుంది. 2017లో వచ్చిన "ఘాజీ" సినిమాలో మన సబ్‌మెరైన్ ఒకటి పోరాడుతుంది, అది కల్పన. మనవలతో చూడ్డానికి వెళ్ళిన అన్నయ్యగారు బయటికి వచ్చి, "రానా బాగా చేశాడు" అని మాత్రం అన్నారు.

ఆ టెలిగ్రామ్ సంగతి ఆయనకే చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. ఇంటికి వచ్చి చెప్తే వదినగారు నవ్వలేదు. "లేని తల్లికి తంతి ఇచ్చారు, ఉన్న పెళ్ళానికి ఒక్క ముక్క లేదు" అన్నారు. తంతి అంటే టెలిగ్రామ్‌కి పాత తెలుగు మాట, తీగ అని కూడా అర్థం. అప్పటినుంచి ఆయన ఎక్కడికి వెళ్ళినా చెప్పి వెళ్ళేవారు. పాలకి వెళ్ళినా సరే. గుడి నుంచి కారు ఎక్కేముందు ఫోన్ చేసి, "బయలుదేరాను, ఇరవై నిమిషాలు" అనేవారు. మేము నవ్వేవాళ్ళం. కొడుకు అమెరికాలో మొదటి మంచు తుఫానులో ఫోన్ చేయకుండా ఆలస్యంగా వస్తే, ఆ శాంతమైన మనిషి గట్టిగా అరిచారట.

ఘాజీ అసలు అమెరికా ఓడే. మెయిన్ రాష్ట్రంలో కిటరీ దగ్గరున్న నేవీ యార్డ్‌లో 1944లో నీళ్ళలోకి దిగింది, అప్పుడు దాని పేరు డయాబ్లో. 1964లో పాకిస్తాన్‌కి ఇచ్చారు. ఆ యార్డ్ మాకు దగ్గరే. ఒక వేసవిలో అన్నయ్యగారిని, వదినగారిని తీసుకెళ్ళాను. లోపలికి పోనివ్వరు, నది ఇవతలి ఒడ్డున పార్కులో కూర్చుని చూశాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అందులో 93 మంది. వాళ్ళ ఇళ్ళల్లో కూడా ఎవరికీ చెప్పి ఉండరు" అన్నారు. వదినగారు పులిహోర డబ్బా తెరిచి ఆయన చేతిలో పెట్టారు.

వచ్చే డిసెంబరు 4 నేవీ డే. ఆరోజు మా ఆదివారం బడి పిల్లలకు మ్యాప్ పెట్టి ఇదంతా చెప్తాను. బాయిలర్ సంగతి నేను, డిసెంబరు 3 రాత్రి సంగతి వదినగారు. తెలుగులోనే మాట్లాడతానని ఆవిడ ముందే షరతు పెట్టారు.