నల్లగొండ ఫ్లోరోసిస్: ఒక సహజ విషంపై పరిశోధనల చరిత్ర

పరిచయం

విషం అనగానే మనకు పాముకాటు, గన్నేరు కాయ గుర్తుకు వస్తాయి. వీటి ప్రభావం గంటల్లోనే బయటపడుతుంది. కానీ కొన్ని సహజ విషాలు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా శరీరంలో చేరి హాని చేస్తాయి. బూజు పట్టిన వేరుశనగలో ఏర్పడే అఫ్లాటాక్సిన్, రాతిపొరల నుంచి నీటిలోకి చేరే ఫ్లోరైడ్ ఇందుకు ఉదాహరణలు. ఈ భాగంలో ఫ్లోరైడ్‌పై జరిగిన పరిశోధనల చరిత్రను పరిశీలిద్దాం.

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ వెళ్లే రహదారిలో తుర్కయంజాల్, ఇబ్రహీంపట్నం, యాచారం దాటి మాల్ చేరుకుంటే, అక్కడి నుంచి నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతం ఎంతో దూరం కాదు. రాజధానికి ఇంత చేరువలో ఉన్న పల్లెల్లో తరతరాలుగా ప్రజలు వంగిన నడుములతో, వంకర తిరిగిన కాళ్లతో బతకవలసి వచ్చింది. వ్యాధికి కారణం తెలిసిన తర్వాత కూడా తాగే నీరు మారడానికి దశాబ్దాలు పట్టింది. ఒక వ్యాధి కారణాన్ని కనుగొనడం వేరు, ఆ వ్యాధిని ఆపడం వేరు. విద్యార్థులు ఈ పాఠంలో ప్రధానంగా గ్రహించవలసిన అంశం ఇదే.

కారణాన్ని గుర్తించిన క్రమం

అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో 1901లో వైద్యం ప్రారంభించిన దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే, స్థానికుల పళ్లపై గోధుమరంగు మచ్చలను గమనించాడు. తాగునీటిలోని ఏదో పదార్థమే ఇందుకు కారణమని క్రమంగా నిర్ధారణకు వచ్చాడు. ఆ పదార్థం ఫ్లోరైడ్ అని 1931లో రసాయన శాస్త్రవేత్త హెచ్.వి. చర్చిల్ విశ్లేషణలో తేలింది. మరుసటి ఏడాది డెన్మార్క్‌లో క్రయొలైట్ ఖనిజపు ధూళి మధ్య పనిచేసే కార్మికుల ఎముకల్లో మార్పులను పరిశోధకులు వెల్లడించారు. దీంతో ఫ్లోరైడ్ పళ్లనే కాక ఎముకలనూ దెబ్బతీస్తుందని స్పష్టమైంది.

మన దేశంలో 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ వ్యాధిని వివరించారు. నాటి నెల్లూరు జిల్లాలో ఉండి, తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన మెట్ట ప్రాంతాలు అందులో ముఖ్యమైనవి. నిజాం పాలనలోని నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్ ఉన్నట్లు 1945లో దావర్ తెలియజేశారు. 1955లో సిద్దిఖీ ఈ జిల్లా రోగుల వివరాలను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. అంటే స్వాతంత్ర్యానికి ముందే నల్లగొండ వ్యాధికి పేరు, కారణం రెండూ తెలుసు.

విషం పనిచేసే తీరు

నల్లగొండ భూగర్భంలోని గ్రానైట్ శిలల్లో ఫ్లోరైడ్ గల ఖనిజాలు ఉన్నాయి. నీరు ఎక్కువ కాలం ఈ రాళ్లను అంటిపెట్టుకొని ఉన్నప్పుడు, అందులో కాల్షియం తక్కువగా, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్నప్పుడు ఫ్లోరైడ్ మరింతగా కరుగుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించరాదు. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు.

శరీరంలో చేరిన ఫ్లోరైడ్ పళ్లలో, ఎముకల్లో నిలిచిపోతుంది. పళ్లు రూపుదిద్దుకునే చిన్న వయసులో పంటి పింగాణీ పొరను పాడుచేస్తుంది. పెద్దల్లో కీళ్ల దగ్గరి కండర బంధనాలు గట్టిపడతాయి. వెన్నెముక బిగుసుకుపోయి, తీవ్ర దశలో వెన్నుపాముపై ఒత్తిడి పడి కాళ్లు చచ్చుబడతాయి.

ఆహారంతో ఉన్న సంబంధం

కూనూరు నుంచి 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన సంస్థే 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా పిలువబడుతోంది. ఈ సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో ఒక కొత్త పరిణామాన్ని నివేదించారు. నల్లగొండ పల్లెల్లో ఎదిగే వయసు పిల్లల మోకాళ్లు లోపలికి ఒరిగిపోతున్నాయి. ఫ్లోరోసిస్‌లో ఎముకలు గట్టిపడతాయని అంతవరకు భావించేవారు. ఇక్కడ కాళ్ల ఎముకలు గుల్లబారాయి.

ఒకే రకమైన నీరు ఇలా వేరుగా ఎందుకు పనిచేసింది? ఈ ప్రశ్న పరిశోధకులను ఆహారం వైపు నడిపించింది. వరి అన్నం కంటే జొన్న ప్రధానమైన ఆహారం తీసుకున్నవారి శరీరంలో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తుందని ఈ సంస్థ అధ్యయనంలో తేలింది. మాలిబ్డినం ఎక్కువగా ఉన్న జొన్న తింటే శరీరం నుంచి రాగి అధికంగా బయటకు పోతుందని మరో అధ్యయనం తెలిపింది. సాగర్ జలాశయం వల్ల భూగర్భ జలమట్టం పెరిగి, నేల స్వభావం మారి, పంటలోకి మాలిబ్డినం ఎక్కువగా చేరి ఉండవచ్చని కూడా శాస్త్రవేత్తలు సూచించారు. ఇది ఒక వివరణ మాత్రమే. అయితే కాల్షియం కొరవడిన పేదల ఆహారం విషప్రభావాన్ని పెంచుతుందన్నది ముఖ్యమైన పాఠం.

పరిష్కార యత్నాలు

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని రూపొందించింది. 1970లలో ‘నల్లగొండ టెక్నిక్’గా పేరుపొందిన ఈ పద్ధతిని టాంజానియా వంటి దేశాల్లోనూ ప్రయత్నించారు. ఖర్చు తక్కువే. కానీ నీటి గుణాన్ని బట్టి మోతాదు మార్చాలి, అడుగున చేరిన మడ్డిని రోజూ తొలగించాలి. పల్లెల్లో దీనిని ఏళ్ల తరబడి సక్రమంగా నడపడం కష్టం.

అందుకే ప్రజలు నదీజలాలను కోరారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలిచారు. జల సాధన సమితి ఆధ్వర్యంలో ఎందరో నామినేషన్లు వేసి తమ సమస్యను దేశం దృష్టికి తెచ్చారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత కావడంతో పోలింగ్ వాయిదా వేయవలసి వచ్చింది. దావర్ నివేదికకు, ఈ ఎన్నికలకు మధ్య గడిచిన కాలం 51 ఏళ్లు. ఆ తర్వాత తాగునీటి పథకాల ద్వారా, ఇటీవల మిషన్ భగీరథ ద్వారా కృష్ణా జలాలు ఈ గ్రామాలకు చేరాయి.

ముగింపు

మంచినీరు కొత్త తరాన్ని కాపాడగలదు. అప్పటికే వంగిపోయిన ఎముకలను మాత్రం సరిచేయలేదు. ఫ్లోరోసిస్ విషయంలో ఆలస్యానికి ప్రజలు చెల్లించిన మూల్యం ఇది. వైద్యం, భూగర్భశాస్త్రం, పోషకాహార శాస్త్రం తలా ఒక సమాధానం ఇచ్చినా, వాటిని ఇంటి బిందె వరకు చేర్చినది ప్రజల పట్టుదల, ప్రభుత్వ వ్యయం. శాస్త్ర చరిత్రను చదివేటప్పుడు ఆవిష్కరణ జరిగిన సంవత్సరంతో పాటు, దాని ఫలం ప్రజలకు అందిన సంవత్సరాన్నీ గుర్తించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నల్లగొండ పిల్లల్లో కనిపించిన ఎముకల మార్పులు అంతకుముందు తెలిసిన ఫ్లోరోసిస్ కంటే ఎలా భిన్నమైనవి?
2. ‘నల్లగొండ టెక్నిక్’ ఉపయోగాలను, పరిమితులను వివరించండి.