మనుష్య క్రయవిక్రయ నిరోధము: భారతదేశమున ప్రభుత్వ చర్యల చరిత్ర

బలాత్కారముచేతనో, వంచనచేతనో, దారిద్ర్యమును ఆసరాగా గొనియో ఒక వ్యక్తిని వశపరచుకొని, ఊరు దాటించి లేదా చేతులు మార్చి, వెట్టిచాకిరికిగాని వ్యభిచారమునకుగాని భిక్షాటనకుగాని అవయవాపహరణమునకుగాని వినియోగించుట మనుష్య క్రయవిక్రయము. నేటి పత్రికలలో మానవ అక్రమ రవాణా యని వ్యవహరింపబడునది ఇదియే. భారతదేశమున దీనిని అరికట్టుటకు ప్రభుత్వములు చేసిన యత్నములకు ఇంచుమించు రెండు శతాబ్దముల చరిత్ర కలదు. ఆ చరిత్రలో అమ్మకమును నిషేధించుట మొదటనే జరిగినది; అమ్ముడుపోయిన మనిషి విడుదలైన పిమ్మట ఎక్కడ తలదాచుకొనవలెను, ఏమి తిని బ్రతుకవలెను అను ప్రశ్నకు మాత్రము శాసనకర్తలు చాల ఆలస్యముగా, అదియు అరకొరగా, సమాధానము వెదకిరి.

కంపెనీ ప్రభుత్వము 1843లో చేసిన 5వ చట్టము దాస్యమును నేరముగా ప్రకటింపలేదు. దాసుడు తన సొత్తని యెవడైనను న్యాయస్థానమునకు వచ్చినచో ఆ హక్కును గుర్తింపరాదని మాత్రమే అది శాసించినది. బానిసలను కొనుట, అమ్ముట శిక్షార్హమగుట 1860 నాటి భారత శిక్షాస్మృతితోనే. అందలి 370వ సెక్షను దాసుల క్రయవిక్రయమునకు ఏడేండ్లవరకు కారాగారమును విధింపగా, 372, 373 సెక్షనులు బాలికలను వ్యభిచారమునకై విక్రయించువారిని, కొనువారిని దండించెను. అయితే ఆ కాలముననే అమలులోనున్న మరియొక శాసనమును ఇచ్చట స్మరింపక తప్పదు. 1859 నాటి పనివారి ఒప్పంద భంగ చట్టము బయానా పుచ్చుకొని పని మానిన కూలివానిని న్యాయాధికారి యెదుట నిలిపి చెరసాలకు పంపుటకు యజమానికి అవకాశము కల్పించెను. ఒక చేత సంకెల విప్పుచు మరియొక చేత బిగించిన ఈ చట్టము 1925లోగాని రద్దు కాలేదు.

బ్రిటిషు వలసరాజ్యములలో దాస్యము రద్దయిన పిదప అచ్చటి చెరకుతోటల దొరలకు కూలీల కొరత యేర్పడి, 1834 మొదలు మారిషసునకు, పిమ్మట ఇతర వలసరాజ్యములకు ఒప్పందపు కూలీల ఎగుమతి ప్రారంభమైనది. 1860 నవంబరులో నేటాలులోని డర్బను రేవు చేరిన 'ట్రూరో' యను నౌక మదరాసునుండి బయలుదేరినదే. ఫిజీకి మదరాసునుండి కూలీలు పోవుట 1903లో మొదలైనది. వీరిలో విశాఖ, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువా రనేకులుండిరి. ప్రభుత్వము ఈ వ్యాపారమును నిషేధింపక నియమబద్ధము చేయదలచెను. కూలి అధికారి యెదుట నిలిచి తన యిష్టముతోనే పోవుచున్నానని చెప్పవలెను; ఒప్పందము అయిదేండ్లు; రేవులో వలసదారుల రక్షకుడను ఉద్యోగి యుండెను. అక్షరము రాని మనిషి, చూడని దేశమును గూర్చి, దళారి నేర్పిన మాటను అధికారి యెదుట వల్లించుటయే సమ్మతియైనది. సమ్మతి యను మాట ఈ చరిత్రలో పదేపదే తలయెత్తి ప్రతిసారియు బలవంతునికే ఉపకరించినదనుటకు ఇది తొలి నిదర్శనము. గోఖలే 1910లో ప్రతిపాదించిన తీర్మానముచే నేటాలునకు కూలీల ఎగుమతి నిలిచినది. సమస్త ఒప్పందపు కూలి పద్ధతియు పోవలెనని ఆయన 1912లో తెచ్చిన తీర్మానమును ప్రభుత్వము త్రోసిపుచ్చెను. మదనమోహన మాలవీయుడు 1916లో మరల తీర్మానము తెచ్చునాటికి, ఫిజీలో స్త్రీలు పడు దుర్దశను గూర్చి ఆండ్రూసు, పియర్సనుల నివేదిక దేశమును కలచివైచి యుండెను. 1917లో యుద్ధకాల నిబంధనలచే ఎగుమతి ఆగినది. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒప్పందములు రద్దయినవి. అయినను కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి రంగూనునకు మేస్త్రీ ముందుగా ఇచ్చిన అప్పుతో కట్టుపడి పోవు తెలుగు కూలీల సంగతి ఈ శాసనముల కందలేదు. 1937 వరకు బర్మా భారత సామ్రాజ్యములోని రాష్ట్రమే యగుటచే అది విదేశ గమనము కాదు. కావున రక్షకుని జోక్యమునకు తావు లేకపోయెను.

స్త్రీల విక్రయమునకు సంబంధించిన శాసనములు వేరు మార్గమున వచ్చినవి. 1904, 1910లలో ఐరోపా రాజ్యములు చేసికొన్న ఒడంబడికలను అనుసరించి నానాజాతి సమితి 1921లో అంతర్జాతీయ సమయపత్రమును సిద్ధపరచగా, దాని ఫలితముగా 1923లో శిక్షాస్మృతిలో 366 ఎ, 366 బి సెక్షనులు చేరినవి. మదరాసు రాష్ట్రమున 1930 నాటి అవినీతి వ్యాపార నిరోధ చట్టము వేశ్యాగృహములను నడుపువారిని శిక్షించుటకు ఉద్దేశింపబడినది. కాని ఇచ్చట సమస్య కేవలము వేశ్యాగృహములది కాదు. దేవాలయమునకు అర్పింపబడిన బాలికలది. శాసనమండలి తొలి మహిళా సభ్యురాలు, ఉపాధ్యక్షురాలునైన డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి కృషిచే 1929లో దేవదాసీలకు ఆలయసేవ నిమిత్తమున్న ఇనాములను ఆ సేవాబంధమునుండి విడదీయు సవరణ వచ్చెను. ఈ సవరణ ఎంత నేర్పుగా చేయబడినదో గమనింపదగును: దురాచారమును నిషేధించుటకు ముందు, దానిని వదలినచో భూమి పోవునను భయమును తొలగించినది. అర్పణమునే నిషేధించు బిల్లు మాత్రము పదునేడేండ్లు నానుచు, 1947లో చట్టమైనది. ఆంధ్రదేశమున వీరేశలింగముగారి సానిమేళ వ్యతిరేకోద్యమము అంతకుముందే క్షేత్రమును దున్నినది. అయితే ఆ ఉద్యమము గృహస్థుని శీలమును గూర్చి పడిన తపన అంతగా సానియింటి బిడ్డ జీవికను గూర్చి పడలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయము. ఆ వెలితిని కొంతవరకు పూరించినవారు కళావంతుల కులముననే పుట్టి, మదరాసులో హిందూ యువతీ శరణాలయమును నడపిన యామినీ పూర్ణతిలకము.

స్వతంత్ర భారత రాజ్యాంగము 23వ అధికరణమున మనుష్య క్రయవిక్రయమును, వెట్టిని, ఇతర నిర్బంధ శ్రమను నిషేధించెను. తక్కిన ప్రాథమిక హక్కులు పెక్కు రాజ్యమునకు వ్యతిరేకముగా మాత్రమే పనిచేయగా, ఇది భూస్వామికి, గుత్తేదారునకు, దళారికి వ్యతిరేకముగను పనిచేయును. 1950 మే 9న న్యూయార్కులో భారతదేశము సంతకము చేసిన అంతర్జాతీయ సమయపత్రమునకు అనుగుణముగా 1956లో స్త్రీల, బాలికల అవినీతి వ్యాపార నిరోధ చట్టము వెలువడి, 1958లో అమలునకు వచ్చినది. ఈలోగా రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి, మరుసటి సంవత్సరము రెండు సంఘములను నియమించెను. ధన్వంతి రామారావు సంఘము సాంఘిక, నైతిక ఆరోగ్యమును పరిశీలింపగా, గోరే సంఘము శరణాలయములనుండి, కారాగారములనుండి వెలుపలికి వచ్చువారి అనంతర సంరక్షణమును విచారించెను. విడుదల తరువాతి జీవితము ఒక ప్రభుత్వ కర్తవ్యముగా విచారణకు వచ్చుట ఇదియే ప్రథమమని చెప్పవచ్చును.

1956 చట్టము రక్షణ గృహములను, ప్రత్యేక పోలీసు అధికారిని, న్యాయాధికారి ఉత్తరువుపై విముక్తిని కల్పించిన మాట నిజము. అయినను దాని స్వభావమున ఒక వైరుధ్యము కలదు. వేశ్యాగృహ నిర్వాహకుని శిక్షించుటకు సాక్ష్యము కావలెను. సాక్ష్యము చెప్పవలసిన స్త్రీ భయగ్రస్త. వీథిలో విటుని పిలిచిన స్త్రీని 8వ సెక్షను క్రింద పట్టుకొనుటకు పోలీసువాని సాక్ష్యమే చాలును. కావున కొనువానికంటె, అమ్మువానికంటె, అమ్ముడైనదే ఎక్కువగా న్యాయస్థానమునకు ఈడ్వబడెను. 20వ సెక్షను ప్రకారము న్యాయాధికారి ఆమెను ఊరినుండియే వెడలగొట్టవచ్చును. ఈ సెక్షను సమానత్వమునకు విరుద్ధము కాదని సర్వోన్నత న్యాయస్థానము 1964లో తీర్పు చెప్పెను. 1986లో చట్టమును సవరించి, స్త్రీపురుషులకు ఇరువురకు వర్తింపజేసి, పేరు మార్చిరి. విచిత్రమేమనగా, అదే సవరణ 8వ సెక్షను క్రింద నేరము చేసిన పురుషునకు ఏడు దినములనుండి మూడు మాసముల శిక్షను మాత్రమే విధించినది. స్త్రీకి తొలి నేరమునకే ఆరు మాసములవరకు విధింపవచ్చును.

శ్రమ విక్రయము ఇంకను గుప్తముగా సాగినది, ఏలయన అది అప్పు రూపమున నుండును. నైజాము ప్రభుత్వము 1936లోనే భగేలా, అనగా అప్పునకు బదులు చాకిరి చేయు, ఒప్పందములను క్రమబద్ధము చేయ యత్నించెను. గ్రామములలో ఆ నిబంధనలను ధిక్కరించిన దొరలకు అవి కాగితములుగనే మిగిలెను. తెలంగాణ రైతాంగ పోరాటమున వెట్టి ప్రధాన సమస్య యగుటకు కారణమిది. 1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా వచ్చి 1976లో చట్టమైన వెట్టిచాకిరి నిర్మూలన శాసనము ఒక్క పెట్టున కట్టుబాకీలన్నిటిని రద్దు చేసినది. ఆ చట్టపు నిర్వచనములో దేశభాషల పేర్లు వరుసగా పేర్కొనబడిన చోట భగేలా, జీత, పాలేరు, వెట్టి యను మన మాటలు కనబడును. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము, కనీస వేతనముకంటె తక్కువకు పని చేయించుటయు నిర్బంధ శ్రమయే యని నిర్ణయించెను. ఆకలియు ఒక నిర్బంధమేనని గుర్తించిన ఆ తీర్పు, సమ్మతి యను పాతవాదమును పడగొట్టినది. పునరావాస సహాయము 1978లో నాలుగు వేల రూపాయలుగా మొదలై, 2016 పథకమున పురుషునకు ఒక లక్ష, స్త్రీలకు, పిల్లలకు రెండు లక్షలు, లైంగిక దోపిడి వంటి ఘోరమునకు గురియైనవారికి మూడు లక్షలుగా పెరిగినది. అయితే మొత్తము సొమ్ము చేతికి వచ్చుట యజమానికి శిక్ష పడుటతో ముడిపెట్టబడినందున, హైదరాబాదు పరిసరముల ఇటుకబట్టీలనుండి విముక్తులై ఒడిషాకు తిరిగిపోయిన కుటుంబములవంటివారికి వ్యాజ్యము ముగియువరకు వేచియుండక తప్పదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1988లో దేవదాసీ అర్పణ నిషేధ చట్టమును చేసి, బసివి, జోగిని, మాతమ్మ మున్నగు పేర్లతో సాగు ఆచారములను దాని పరిధిలోనికి తెచ్చెను. నిజామాబాదు జిల్లాలో జోగినుల విషయమున హేమలతా లవణం చేసిన కృషి ఈ చట్టమునకు పూర్వరంగముగా నిలిచినది. 2003 జనవరిలో వెలువడిన రాష్ట్ర ప్రభుత్వపు ఉత్తరువు నివారణను, విముక్తిని, పునరావాసమును ఒకే విధానముగా కూర్చినది. 2006 ప్రాంతమున కేంద్ర హోంశాఖ, ఐక్యరాజ్య సమితి మాదకద్రవ్య, నేర నిరోధ కార్యాలయము కలసి ప్రత్యేక పోలీసు విభాగములను స్థాపించిన కొలది రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1996లో హైదరాబాదున స్థాపితమైన ప్రజ్వల సంస్థ 2004లో సర్వోన్నత న్యాయస్థానమున వేసిన వ్యాజ్యము, బాధితుల సంరక్షణకు ఒక సమగ్ర విధానము కావలెనని కోరినది. కేంద్ర ప్రభుత్వపు ఉజ్జ్వల పథకము 2007లో ఆరంభమై, 2022నుండి శక్తి సదన్ పేర స్వాధార్ గృహములతో కలిసి నడచుచున్నది.

పాలెర్మో యందు 2000లో రూపొందిన అంతర్జాతీయ ఒడంబడికను భారతదేశము 2011లో ధ్రువీకరించినది. 2012 డిసెంబరు నాటి ఢిల్లీ అత్యాచార దుర్ఘటన తరువాత నియుక్తమైన జస్టిస్ వర్మ సంఘము, అత్యాచార శిక్షలతోపాటు మనుష్య వ్యాపారమును గూర్చియు విచారించెను. ఫలితముగా 2013లో 370వ సెక్షను సమూలముగా మారి, బాధితుని సమ్మతి నేరనిర్ణయమున లెక్కకు రాదను స్పష్టమైన వాక్యము చట్టములోనికి ఎక్కినది. ఫిబ్రవరిలోని ఆర్డినెన్సులో ఉన్న నిర్బంధ శ్రమ యను మాట మార్చిలో పార్లమెంటు ఆమోదించిన చట్టములో కనబడకపోవుట మాత్రము విచారకరము. ఇటుకబట్టీల, బట్టల మిల్లుల బాధితులకు ఆ మాటయే ముఖ్యమైనది. 2018లో లోకసభ ఆమోదించిన ప్రత్యేక బిల్లు రాజ్యసభ ఆమోదము పొందక మరుసటి ఏట కాలదోషము పట్టినది. 2024 జులై 1నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 143, 144 సెక్షనులలో పాత నిబంధనలనే నిలిపి, భిక్షాటనను దోపిడి రూపములలో చేర్చినది. 2022 మేలో సర్వోన్నత న్యాయస్థానము, దాడులలో పట్టుబడిన వయోజన స్త్రీలను వారి యిష్టమునకు విరుద్ధముగా రక్షణ గృహములలో నిర్బంధింపరాదని సూచించుటతో, రక్షణ పేర సాగిన చెర యను చిరకాలపు ఆక్షేపణకు ఆ న్యాయస్థానము చెవియొగ్గినట్లయినది.

విదేశములకు పోవువారి విషయమున 1983 వలస చట్టమే నేటికిని ఆధారము. పదవ తరగతి చదువని కూలి, నర్సు మున్నగువారు గల్ఫు దేశములకు పోవుటకు వలసదారుల రక్షకుని అనుమతి పొందవలెను. హైదరాబాదున ఆ కార్యాలయము కలదు. గిర్మిటు, అనగా ఒప్పందపు కూలి, కాలపు పదవియే పేరు మారక నిలిచినది. కడప, గోదావరి జిల్లాలనుండి కువైటుకు ఇంటిపనికి పోవు స్త్రీలలో పలువురు సందర్శకుల వీసాతో పోవుటచే ఈ అనుమతి వారిని కాపాడజాలదు. 2024 మేలో విశాఖపట్టణపు పోలీసులు బయటపెట్టిన కాంబోడియా ముఠాల వృత్తాంతము మరియొక చిక్కును తెచ్చినది. కంప్యూటరు ఉద్యోగమని నమ్మి పోయిన యువకులు అక్కడ నిర్బంధింపబడి, స్వదేశీయులనే ఫోనులలో మోసగించుటకు నియుక్తులైరి. వారు బాధితులా, నేరస్థులా యని పోలీసులు నిర్ణయింపవలసి వచ్చెను. ఆ సందర్భమున వారిని పంపిన ఏజెంట్లను అరెస్టు చేసి, తిరిగివచ్చినవారి వాఙ్మూలములను ఆ వ్యాజ్యమునకు సాక్ష్యముగా గొనిరి. అయితే ఇట్టివారిని నేరవిచారణనుండి మినహాయించు నిబంధన భారత శాసనములలో ఇంకను చేరలేదు.