యూడీకొలోన్: మందుల అరలో ఉండే సెంటు కథ

పాత తెలుగు నవలలు చదివినవాళ్ళకి ఒక సీను బాగా గుర్తుండే ఉంటుంది. నాయికకి జ్వరం వస్తుంది, లేదా కళ్ళు తిరిగి పడిపోతుంది. వెంటనే ఎవరో ఒకరు జేబురుమాలు మీద యూడీకొలోన్ చల్లి నుదుటి మీద వేస్తారు. డాక్టరు వచ్చేది ఆ తర్వాతే. ఈ తరం పిల్లలకి ఆ పేరు చెబితే అదేదో జర్మన్ ఫుట్‌బాల్ టీమ్ అనుకుంటారు :-)

పేరు ఫ్రెంచిది. ‘ఓ ద కొలోన్’, అంటే కొలోన్ ఊరి నీళ్ళు. మనవాళ్ళ నోట్లో పడి యూడీకొలోన్, ఓడికొలోన్, మా నానమ్మ దగ్గరికొచ్చేసరికి ‘వాడికోలను’ అయింది. మా ఇంట్లో ఉండేది టాటా వాళ్ళ సీసా. ఇప్పుడు దొరకదు. ఎక్కడైనా పాత స్టాకు ఉందేమోనని విజయవాడలోనూ హైదరాబాదులోనూ పాత ఫ్యాన్సీ షాపులన్నీ తిరిగాను. సగం మందికి ఆ పేరే తెలీదు. తెలిసినవాళ్ళు నవ్వి, "అదెప్పుడో పోయిందండీ" అన్నారు.

ఎప్పుడు పోయిందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. నన్ను ఆలోచనలో పడేసింది ఆ మాటే.

సరే, మొదటినుంచీ వద్దాం. జొవాన్ని మరియా ఫరీనా అనే ఇటలీవాడు 1685లో పుట్టాడు. జర్మనీలోని కొలోన్ నగరంలో వీళ్ళన్నయ్య 1709లో ఒక దుకాణం పెట్టాడు. తమ్ముడు తర్వాత అందులో చేరాడు. బెర్గమాట్, నిమ్మ, నారింజ లాంటి పళ్ళ తొక్కల నూనెలు, నారింజ పూల నూనె, ఇంకొన్ని మూలికల నూనెలు ఆల్కహాల్లో కలిపి తేలికైన పరిమళం ఒకటి తయారుచేశాడు. వాన వెలిసిన తర్వాత ఇటలీలో వసంతకాలపు ఉదయంలా ఉందని అన్నకి ఉత్తరం రాసుకున్నాడట. తనకి ఆశ్రయమిచ్చిన ఊరి పేరే దానికి పెట్టాడు. అప్పటిదాకా యూరప్‌లో సెంటంటే కస్తూరి, పునుగు లాంటి బరువైన వాసనలే ఎక్కువ. వాటి మధ్య ఇది చల్లగాలిలా వచ్చింది.

కానీ ఆ రోజుల్లో దీన్ని ఒంటికి రాసుకోవటమే కాదు, తాగేవారు కూడా! కడుపునొప్పికీ తలనొప్పికీ, అన్నిటికీ ఇదే మందు. సెంటుకీ మందుకీ మధ్య గోడ అప్పటికింకా కట్టలేదన్నమాట.

ఆ గోడ కట్టినవాడు నెపోలియన్. ఆయనగారు స్వయంగా యూడీకొలోన్ సీసాలు సీసాలు ఖాళీ చేసేవాడు, అది వేరే సంగతి. 1810లో ఒక ఉత్తర్వు వేశాడు: రహస్యంగా మందులు తయారుచేసి అమ్మేవాళ్ళు అందులో ఏమేం కలుపుతున్నారో ప్రభుత్వానికి చెప్పి తీరాలి. కొలోన్ నగరం అప్పుడు ఫ్రెంచివాళ్ళ చేతిలోనే ఉంది. తయారీదారులకి ఫార్ములా బయటపెట్టటం ఇష్టం లేదు. ‘అబ్బే, ఇది మందు కాదండీ, ఒంటికి రాసుకునే సుగంధం’ అని చల్లగా జారుకున్నారు. సోర్సుకోడ్ చూపించమంటే ప్రోడక్టు కేటగిరీయే మార్చేశారు. మా ఫీల్డులో ఇలాంటివి రోజూ చూస్తాం కాబట్టి నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

ఫార్ములా దాచుకోగలిగారు కానీ పేరు దాచుకోలేకపోయారు. జర్మనీలో ట్రేడ్‌మార్కు చట్టం వచ్చిందే 1874లో. ఆలోపు ఎవరికి తోచినట్టు వాళ్ళు ‘ఓ ద కొలోన్’ అని సీసాల మీద అచ్చేసుకున్నారు. అదే ఊళ్ళో మ్యూలెన్స్ అనే కుటుంబం, ఫరీనా ఇంటిపేరున్న మరొకాయన దగ్గర (అసలు ఫరీనాకి ఈయన ఏమీ కాడు) 1803లో ఆ పేరు వాడుకునే హక్కు కొనుక్కుంది. కోర్టుల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగాక, చివరికి తమ ఇంటినంబరు 4711నే బ్రాండుగా పెట్టుకుంది. పేరు ఎవరి సొత్తూ కాకుండా పోవటం ఫరీనా వంశానికి నష్టమే. కానీ అందువల్లే అది ప్రపంచమంతా తిరిగింది. టాటా సీసా మీదికీ, అక్కణ్ణించి మా నానమ్మ బీరువాలోకీ రాగలిగింది.

టాటా ఆయిల్ మిల్స్ 1917లో మొదలైన కంపెనీ. కేరళలో కొబ్బరినూనె తీయటంతో మొదలుపెట్టి 501 సబ్బు, హమామ్ దాకా వచ్చింది. లాక్మే కూడా 1952లో దీని కిందే పుట్టింది. ఈ సబ్బుల మధ్యలో యూడీకొలోన్ ఒకటి.

మన సుప్రీంకోర్టు తొలి రోజుల తీర్పుల్లో కూడా యూడీకొలోన్ ఉంది. బొంబాయి రాష్ట్రం 1949లో మద్యనిషేధ చట్టం తెచ్చింది. అందులో ‘మద్యం’ అన్న మాటకి అర్థం ఎంత పెద్దదంటే, ఆల్కహాలున్న ప్రతి ద్రవమూ అందులోకే వస్తుంది. ఎఫ్.ఎన్. బల్సారా అనే పౌరుడు కోర్టుకెక్కాడు. తాను ఉంచుకోవటానికి, వాడుకోవటానికి హక్కు కావాలని అడిగిన వస్తువుల్లో విస్కీ, బ్రాందీలతో పాటు యూడీకొలోన్ కూడా ఉంది. 1951లో సుప్రీంకోర్టు చట్టంలో చాలా భాగాన్ని నిలబెట్టింది కానీ, ఆల్కహాలున్న మందుల మీదా, యూడీకొలోన్ లాంటి సామగ్రి మీదా పెట్టిన ఆంక్షల్ని కొట్టేసింది. విస్కీకి దొరకని స్వేచ్ఛ యూడీకొలోన్‌కి దొరికింది!

ఇక మా ఇంటి సంగతి. నానమ్మగారింట్లో ఆ సీసా పౌడరు డబ్బా, స్నోల పక్కన ఉండేది కాదు. అద్దాల బీరువా పై అరలో, అమృతాంజనం సీసా పక్కన ఉండేది. సెంటు పెళ్ళికి, ఇది జ్వరానికి. బస్సెక్కితే వాంతులయ్యే మా చెల్లికి రుమాలు మీద నాలుగు చుక్కలు వేసి ఇచ్చేవారు. నెపోలియన్ దెబ్బకి మందు నుంచి సెంటుగా మారిన వస్తువుని, మన ఇళ్ళల్లో మళ్ళీ మందుని చేసేశాం. ఆల్కహాల్ తొందరగా ఆవిరవుతుంది కాబట్టి నుదురు చల్లబడుతుంది. అంతకుమించి లోపలి జ్వరం దానివల్ల తగ్గేదేమీ లేదు. ఇప్పటి డాక్టర్లయితే పిల్లలకి ఆల్కహాల్ పూయటమే వద్దంటారు. అయినా నుదుటి మీద ఒక చెయ్యి, ఆ చల్లదనం, ఆ వాసన. జ్వరం సంగతి తెలీదు కానీ భయం మాత్రం తగ్గేది.

తాతయ్య మంచంపట్టిన ఆఖరి నెలల్లో మా మేనత్త రోజూ పొద్దున్నా సాయంత్రం ఆ గుడ్డ మార్చేది. ఆ గదికి ఆ వాసన ఇంకిపోయింది. ఆయన పోయాక సీసాలో పావువంతు మిగిలింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ పారెయ్యలేదు. కొన్నేళ్ళకి బిరడా సందులోంచి దానంతటదే ఆవిరైపోయింది. బీరువా అమ్మేసినప్పుడు సీసా కూడా పోయింది.

ఆఫీసు పనిమీద జర్మనీ వెళ్తున్నప్పుడు అత్త అడిగింది ఒక్కటే: "ఒరేయ్, ఆ వాడికోలను పుట్టిన ఊరు అక్కడేనంటగా. దొరికితే ఒక సీసా తీసుకురారా." శని, ఆదివారాలు చూసుకుని రైలెక్కి కొలోన్ వెళ్ళాను. ఫరీనా వాళ్ళ పాత ఇంట్లో మ్యూజియం ఉంది, అదీ చూశాను. గ్లోకెన్‌గాసె వీధిలో 4711 దుకాణంలో సీసా కొన్నాను. తెచ్చి అత్త చేతిలో పెడితే, మూత తీసి, పైటచెంగు మీద రెండు చుక్కలు వేసుకుని, చాలాసేపు వాసన చూసింది. "బావుందిరా. కానీ ఇది కాదు. ఇది సెంటు" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. అత్త చెప్పింది నిజమేనా? టాటా వాళ్ళ ఫార్ములా వేరే అయ్యుండొచ్చు. ముడిసరుకు కూడా మారి ఉండొచ్చు: బెర్గమాట్ నూనెలో బెర్గాప్టెన్ అనే పదార్థం ఉంటుంది, అది రాసుకుని ఎండలోకెళితే చర్మం మీద మచ్చలొస్తాయి. అందుకని ఇప్పుడు దాన్ని తీసేసిన నూనె వాడతారు. లేదా అత్తకి గుర్తున్నది సీసాలోని వాసన కాకపోవచ్చు. ఉతికిన నూలుగుడ్డ, మందులు, తాతయ్య గది, అన్నీ కలిసిన వాసన కావొచ్చు. ఏది నిజమో తేల్చాలంటే పక్కన పెట్టి పోల్చటానికి పాత సీసా ఒక్కటి కావాలి. అది లేదు. సోర్సుకోడ్ సంగతి దేవుడెరుగు, పాత బైనరీ కూడా మిగల్లేదు.

విండోస్ ఎక్స్‌పీకి సపోర్టు 2014 ఏప్రిల్ 8న ఆపేస్తామని ఏళ్ళ ముందే చెప్పారు. సబ్బుకీ సెంటుకీ ఆ మర్యాద లేదు. టాటా ఆయిల్ మిల్స్‌ని హిందుస్తాన్ లీవర్‌లో కలిపేయాలని 1993లో నిర్ణయించారు. ఉద్యోగుల సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1994లో కోర్టు విలీనాన్నే సమర్థించింది. షేర్ల నిష్పత్తి, ఉద్యోగుల భవిష్యత్తు, గుత్తాధిపత్యం, అన్నిటిమీదా వాదనలు జరిగాయి. వాసనల గురించి వాదించేవాళ్ళు ఎవరుంటారు చెప్పండి? హమామ్ బతికింది, ఎందుకంటే రోజూ కొనేవాళ్ళున్నారు. అమృతాంజనం 1893 నుంచీ బతికే ఉంది, ఎందుకంటే అది మందని అందరికీ తెలుసు. యూడీకొలోన్ మన దగ్గర మందుగా వాడిన సెంటు. పారాసెటమాల్ వచ్చాక మందుగా అక్కర్లేకపోయింది, స్ప్రేలు వచ్చాక సెంటుగా ఆనలేదు. రెంటికీ చెడ్డ రేవడి అయిందని నా అభిప్రాయం.

అసలు వాసన ఎవరి సొత్తు అన్నది చట్టానికే అంతుపట్టలేదు. 2006 జూన్‌లో ఒకే వారంలో ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానం పరిమళానికి కాపీరైటు లేదంది, నెదర్లాండ్స్ అత్యున్నత న్యాయస్థానం ఉందంది! ఫ్రెంచివాళ్ళు కనీసం భద్రపరిచే పని చేశారు. వెర్సాయ్‌లో 1990లో ‘ఓస్మోతెక్’ అని వాసనల భాండాగారం పెట్టారు. బజారులో మాయమైపోయిన పరిమళాల్ని కూడా పాత ఫార్ములాల ప్రకారం మళ్ళీ తయారుచేసి, చల్లగా, వెలుతురు తగలకుండా, గాలి చేరకుండా ఆర్గాన్ వాయువు కింద దాస్తారు. మన దగ్గర పాత సినిమాల రీళ్ళే పోగొట్టుకున్నాం కాబట్టి, వాసనలకి గది కట్టమని ప్రభుత్వాన్ని అడిగేంత ఆశ నాకు లేదు.

కానీ ఒక కంపెనీ ఇంకో కంపెనీలో కలిసేటప్పుడు, ఆపేయబోయే వస్తువు ఫార్ములా ఒక కాపీ, ఒక సీసా శాంపిలు ఏ విశ్వవిద్యాలయంలోనో జమ చెయ్యమనటం పెద్ద కోరికేమీ కాదు. ఎటూ అమ్మని వస్తువుకి రహస్యమెందుకు?

ఈలోగా మన చేతిలో ఉన్నది మనం చెయ్యొచ్చు. మీ ఇళ్ళల్లో అటకమీదో, పాత ట్రంకు పెట్టెలోనో ఇలాంటి సీసా ఉంటే, అడుగున నాలుగు చుక్కలే ఉన్నా, కడిగెయ్యకండి. బిరడా గట్టిగా బిగించి చీకట్లో పెట్టండి. అది ఎవరిదో, ఎందుకు వాడేవారో ఒక కాగితం మీద రాసి దానికి చుట్టండి.