ట్రాక్టర్ ఫ్రంట్ లోడర్ బరువు ఎత్తడం లేదా? రిలీఫ్ వాల్వ్ స్క్రూ బిగించే ముందు ఇవి చూడండి

పశువుల ఎరువు, చెరువు మట్టి, ఇసుక ట్రాలీలోకి ఎత్తడానికి చాలామంది రైతులు ట్రాక్టర్ ముందు లోడర్ బిగించుకుంటున్నారు. కొన్నాళ్లు బాగానే పనిచేసిన లోడర్, తర్వాత నిండు బకెట్‌ను సగం ఎత్తులోనే ఆపేస్తుంది. "రిలీఫ్ వాల్వ్ స్క్రూ రెండు చుట్లు బిగించు, అదే ఎత్తుతుంది" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అది అన్నిటికంటే చివర చేయాల్సిన పని. ప్రెజర్ గేజ్ లేకుండా అసలు చేయకూడని పని.

బలం వేరు, వేగం వేరు

లోడర్ ఎంత బరువు ఎత్తుతుందనేది ఆయిల్ ప్రెజర్ మీద, సిలిండర్ లావు మీద ఆధారపడి ఉంటుంది. ఎంత త్వరగా ఎత్తుతుందనేది పంపు నిమిషానికి ఎన్ని లీటర్ల ఆయిల్ తోస్తుందనే దాని మీద ఆధారపడి ఉంటుంది. అందుకే పెద్ద పంపు వేసినా, ఇంజిన్ రేజ్ చేసినా బకెట్ త్వరగా లేస్తుంది గానీ ఎక్కువ బరువు ఎత్తదు.

లక్షణాన్ని బట్టి లోపం

• ఖాళీ బకెట్ కూడా నెమ్మదిగా లేస్తూ, పంపు కూత పెడుతుంటే: ఆయిల్ తగ్గి ఉండాలి, ఫిల్టర్ మూసుకుపోయి ఉండాలి, లేదా పంపు గాలి పీలుస్తూ ఉండాలి.
• పొద్దున బాగా ఎత్తి, ఆయిల్ వేడెక్కాక ఎత్తకపోతే: పంపు లేదా సీళ్లు అరిగి ఉండవచ్చు.
• లీవర్ వదిలేసినా ఎత్తిన బకెట్ దానంతట అదే కిందికి జారుతుంటే: సిలిండర్ సీలు గానీ కంట్రోల్ వాల్వ్ గానీ లోపల కారుతోంది.
• బకెట్ ఆగిపోయినప్పుడు ఇంజిన్ మీద భారం పడి, వాల్వ్ దగ్గర బుస్సుమని శబ్దం వస్తే: ప్రెజర్ రిలీఫ్ వాల్వ్ హద్దుకు చేరింది. బరువు ఎక్కువైనా అయి ఉండాలి, వాల్వ్ తక్కువకు సెట్ అయినా ఉండాలి.

ఈ వరుసలో చూసుకోండి

1. బకెట్ పూర్తిగా నేలకు దించి ఆయిల్ మట్టం చూడండి. ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు, నురగ కడితే గాలి చేరినట్టు. ట్రాక్టర్ పుస్తకంలో రాసిన రకం ఆయిలే పోయండి.
2. ఫిల్టర్ మార్చండి. పంపుకు ఆయిల్ వచ్చే పైపు క్లిప్పులు వదులైతే బిగించండి.
3. పిన్నులకు, బుష్షులకు గ్రీజు పెట్టండి. పట్టేసిన పిన్ను కూడా బలాన్ని తినేస్తుంది.
4. అప్పటికీ ఎత్తకపోతే మెకానిక్‌తో ప్రెజర్ గేజ్ పెట్టించండి. ఆయిల్ వేడెక్కాక, సిలిండర్ చివరిదాకా వెళ్లినప్పుడు లీవర్‌ను రెండు మూడు సెకన్లు మాత్రమే పట్టి గేజ్ చూడాలి.

గేజ్ అంకె పుస్తకంలో ఉన్నంత చూపిస్తే పంపు, రిలీఫ్ వాల్వ్ బాగున్నట్టే. స్క్రూ ముట్టుకోవద్దు. తక్కువ చూపిస్తే ముందు రిలీఫ్ వాల్వ్ విప్పి శుభ్రం చేయించండి. చిన్న చెత్త ఇరుక్కున్నా ప్రెజర్ పడిపోతుంది. స్ప్రింగ్ నీరసపడితే మార్పించండి. ఆ తర్వాతే గేజ్ చూస్తూ, పుస్తకంలోని అంకె వరకు మాత్రమే సెట్ చేయించండి. అంతకు మించితే పైపు పగలవచ్చు, పంపు పాడవవచ్చు, లోడర్ చేతుల వెల్డింగ్ ఊడిపోవచ్చు.

పెద్ద సిలిండర్ వేయవచ్చా?

150 బార్ ప్రెజర్ దగ్గర, లోపలి వ్యాసం 50 మి.మీ. ఉన్న ఒక సిలిండర్ సుమారు 3,000 కిలోల బలంతో తోస్తుంది. 60 మి.మీ. సిలిండర్ అదే ప్రెజర్‌కు సుమారు 4,300 కిలోల బలం ఇస్తుంది, అంటే 44 శాతం ఎక్కువ. కానీ ఆయిల్ కూడా అంతే ఎక్కువ పడుతుంది, బకెట్ ఆ మేరకు నెమ్మదిగా లేస్తుంది. లోడర్ చేతులు పొడవుగా ఉంటాయి కాబట్టి ఈ బలంలో కొంత భాగమే బకెట్ దగ్గరకు చేరుతుంది. ఫ్రేము, పిన్నులు, ముందు యాక్సిల్, ముందు టైర్లు ఆ అదనపు బరువు మోస్తాయని లోడర్ తయారీదారు చెబితేనే ఈ మార్పు చేయించండి.

ఖర్చు లేని మార్గం

తడి ఇసుక ఘనపు మీటరుకు రెండు టన్నుల దాకా తూగుతుంది. ఎండిన పశువుల ఎరువు అందులో సగం కూడా తూగదు. ఎరువు కోసం కొన్న పెద్ద బకెట్‌ను ఇసుకతో నింపితే లోపం లోడర్‌ది కాదు. ఇసుకకు, తడి మట్టికి చిన్న బకెట్ వాడండి, లేదా సగమే నింపండి. కుప్పలో బకెట్ దూర్చాక ముందు బకెట్‌ను వెనక్కి వంచి, ఆ తర్వాత చేతులు ఎత్తండి.

ప్రాణం మీదికి రాకుండా

ముందు బరువు పెరిగితే వెనుక టైర్లు తేలిపోతాయి. టూ వీల్ ట్రాక్టర్లకు బ్రేకులు వెనుక చక్రాలకే కాబట్టి బ్రేకు కూడా సరిగా పట్టదు. వెనుక చక్రాలకు బరువులు బిగించండి, లేదా త్రీ పాయింట్ లింకేజీకి బరువు పెట్టె తగిలించండి. నిండు బకెట్‌ను నేలకు అడుగు ఎత్తులోనే ఉంచి నడపండి. ఎత్తిన బకెట్‌తో వాలులో మలుపు తిప్పితే ట్రాక్టర్ పల్టీ కొడుతుంది.

ఎత్తిన బకెట్ కింద ఎవరినీ నిలబడనివ్వకండి. పైపు విప్పే ముందు బకెట్ దించి, ఇంజిన్ ఆపి, లీవర్లు అటూ ఇటూ ఆడించి ప్రెజర్ వదలండి. సన్నగా చిమ్ముతున్న ఆయిల్‌ను చేత్తో తడిమి వెతకవద్దు, అట్టముక్క పెట్టి చూడండి. ఆ ధార చర్మంలోకి దూసుకెళ్తుంది. గాయం సూది గుచ్చినంతే కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి, హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి వెళ్లిందని డాక్టరుకు చెప్పండి.

గేజ్ పెట్టించిన రోజు తేదీ, ప్రెజర్ అంకె ట్రాక్టర్ పుస్తకంలో రాసుకోండి. మళ్లీ లోడర్ మొరాయించినప్పుడు ఎక్కడ వెతకాలో ఆ అంకే చెబుతుంది.