శిలాశాసనం నుండి డిజిటల్ తెర వరకు: బహిరంగ ప్రకటన – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:

పాలకులు ప్రజలకు, వర్తకులు కొనుగోలుదారులకు తెలియజేయదలచిన విషయాన్ని నలుగురూ తిరిగే చోట నిలపడం డిజిటల్ తెరలతో మొదలైన పద్ధతి కాదు. ప్రకటించినవారు తమ మాటకు ఎంతవరకు కట్టుబడి ఉంటారన్న ప్రశ్న కూడా అంతే పాతది. మహదేవపూర్ పరిసరాలు ఒకనాటి కాకతీయ రాజ్యంలోనివి కనుక ఈ వ్యాసం అక్కడి నుండే పరిశీలన ఆరంభిస్తుంది.

శాసనం – దండోరా:

ఈ ప్రాంతానికి దక్షిణాన పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో వేయించిన శాసనం ఆలయ నిర్మాణాన్ని, గ్రామదానాలను ప్రకటించింది. గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం (1244–45) మరో అడుగు ముందుకు వేసింది. తుఫానుకు తీరం చేరిన ఓడల సరుకును పూర్వరాజులు హరించేవారనీ, తాను నిర్ణీత సుంకం మాత్రమే గ్రహిస్తాననీ ఆయన అందులో ప్రకటించాడు. గంధం, కర్పూరం, పట్టు, మిరియాలు మొదలైనవాటి సుంకాలనూ పేర్కొన్నాడు. ఇది ఏకకాలంలో పాలనా సమాచారం, విదేశీ వర్తకులను ఆహ్వానించే ప్రకటన. అధిక సుంకం అడిగినవారికి చూపదగిన ఆధారం కూడా.

నిజాం పాలనలో మహదేవపూర్ కరీంనగర్ జిల్లాలో ఒక తాలూకా. రాజ్యపు అధికారభాష ఉర్దూ. చదువురాని గ్రామస్థునికి దండోరాయే దిక్కు. అయితే దండోరా మాట వినిపించిన వెంటనే గాలిలో కలిసిపోయేది.

తెర స్వభావం:

1962లో నిక్ హోలన్యాక్ ఎరుపు ఎల్‌ఈడీని రూపొందించాడు. 1990లలో ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ రావడంతో వర్ణమయమైన పెద్ద తెరలు సాధ్యమయ్యాయి. క్షణక్షణం మారే సమాచారానికి ఇవి ఎంతో అనువైనవి. భద్రాచలం వద్ద గోదావరి 43, 48, 53 అడుగులకు చేరినప్పుడు వరుసగా మూడు ప్రమాద హెచ్చరికలు జారీ చేస్తారు. ఇటువంటి వార్తను రాతిపై చెక్కలేము. 2025 మే నెలలో కాళేశ్వరంలో జరిగిన సరస్వతీ పుష్కరాల వంటి జనసమ్మర్దానికీ తెర ఉపయుక్తమే.

కానీ తెరపై ఒక ప్రకటన తొలగితేనే మరొకటి వస్తుంది. వాణిజ్య ప్రకటన, వరద హెచ్చరిక ఒకే తెరను పంచుకున్నప్పుడు ఏది, ఎప్పుడు, ఎంతసేపు కనిపించిందో భద్రపరచకపోతే తరువాత నిరూపించడం కష్టం. చూడడానికి శాసనంలా ఉన్నా, స్వభావంలో తెర దండోరాకే దగ్గర.

ముగింపు:

సమాచారహక్కు చట్టం (2005) నాలుగవ సెక్షన్ నోటీసు బోర్డులు, పత్రికలు, బహిరంగ ప్రకటనలు, ఇంటర్నెట్‌తో పాటు ఇతర మార్గాలనూ సమాచార వ్యాప్తి సాధనాలుగా గుర్తించింది. ఆ బాధ్యత తెరను వెలిగించడంతో తీరదు. ప్రదర్శించిన పాఠాన్ని, తేదీని, సమయాన్ని, జారీచేసిన అధికారి హోదాను భద్రపరచాలి. అప్పుడే హెచ్చరిక అందలేదన్న పౌరుని ఫిర్యాదును తేల్చడానికి సాక్ష్యం ఉంటుంది. ఎనిమిది శతాబ్దాల నాటి సుంకాలను నేడు చదవగలుగుతున్న మనం, నిన్నటి వరద హెచ్చరికను చదవలేని స్థితి రాకూడదు.